రాళ్లు తగలబడ్డాయి

“మోగనీ. ఎత్తకు,” అన్నాడు రవికాంత్.

లక్ష్మీసాహితి ఫోను ఎత్తింది.

అవతల తోట కాపలా సింగన్న. ముందు ఎగశ్వాస వినబడింది, తర్వాత ఏడుపు. ఇంట్లో ఉన్న ముగ్గురికీ వినబడేంత గట్టిగా అరుస్తున్నాడు.

“అమ్మా, దానికి ఇంకా తెలివి రానేదమ్మా! డాట్రమ్మ మళ్లీ అడుగుతున్నాది, ఏటి తగలబడింది, ఏటి తగలబడింది అని. ఏటి సెప్పమంటారమ్మా నన్ను?”

రవికాంత్ రెండంగల్లో వచ్చి భార్య చేతిలోంచి ఫోను లాక్కున్నాడు.

“పొద్దున్నే చెప్పాను కదా సింగన్నా. ఆకులు, ఎండుగడ్డి. అదే చెప్పు. నేనొస్తున్నాను.”

కట్ చేసి, ఆ ఫోను తన జేబులో వేసుకున్నాడు.

వంటింటి గుమ్మంలో నిలబడ్డ వర్ధనమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. పొయ్యి మీద పప్పు అడుగంటుతోందని ముక్కుకి తెలుస్తోంది. అయినా ఆమె కొడుకునే చూస్తోంది.

కొడుకు చొక్కా ముందు భాగమంతా మసి. పొద్దున్న కృష్ణదేవిపేట తోటలో పడిపోయిన సింగన్న భార్య లోవమ్మని భుజాన వేసుకుని, తన వ్యాన్‌లోనే నర్సీపట్నం ఆసుపత్రికి తెచ్చింది వాడే. సింగన్న అరుపులు విని మంట దగ్గరికి పరుగెత్తిందీ వాడే. ముంజేతి మీద అరచెయ్యంత మేర చర్మం ఎర్రగా ఉబ్బింది. ఆ చెయ్యిని చూస్తే తల్లి మనసు ఒకలా ఉంది. వాడు ఫోనులో చెప్పిన మాట వింటే ఇంకోలా ఉంది.

“ఆకుల పొగకి మనిషి ఇలా పడిపోదు,” అంది సాహితి. “ఏం తగలబడింది?”

“చెప్పాను కదా.”

“డాక్టరుకి చెప్పారు. నాకు చెప్పండి.”

రవికాంత్ వెళ్లి వీధి తలుపు మూసి గడియ పెట్టాడు. పట్టపగలు ఆ తలుపుకి గడియ పడటం వర్ధనమ్మ ఎరగదు. ఆమె భర్త భానుమూర్తి మాస్టారు పోయిన రోజున కూడా అది బార్లా తెరిచే ఉంది.

“కూర్చో,” అన్నాడు భార్యతో.

“కూర్చోను. విప్పేసిన షూటింగ్ సెట్టు, తొమ్మిది లారీల సరుకూ విశాఖపట్నం పాతసామాను యార్డుకి చేరిందని మీరు కాగితాలు చూపిస్తే సంతకం పెట్టాను. చేరిందా?”

“చేరింది.”

“ఎన్ని లారీలు?”

గోడ గడియారం వైపు చూశాడు రవికాంత్. పన్నెండు ఇరవై.

“మూడు,” అన్నాడు.

సాహితి గోడకి ఆనుకుంది. వర్ధనమ్మకి కోడలి ముఖం కంటే చేతులు ముందు కనిపించాయి. పమిట కొంగుని గట్టిగా మెలిపెడుతున్నాయవి.

నాలుగు నెలలపాటు ఈ ఊళ్లో ఆ పిల్లని అందరూ ‘గ్రీన్ మేడమ్’ అన్నారు. జూనియర్ కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పుకునే మనిషి. కృష్ణదేవిపేట పక్కన వెబ్ సిరీస్ షూటింగ్ మొదలైనప్పుడు, దాన్ని ప్రసారం చేసే ముంబై కంపెనీ, ప్రకృతికి హాని జరగకుండా చూడ్డానికి స్థానికంగా ఒక మనిషి కావాలంటే ఈమెని పెట్టుకున్నారు. రెండువందల మంది యూనిట్‌లో ప్లాస్టిక్ సీసా అన్నది కనబడకుండా చేసింది. హీరోకి కూడా స్టీలు గ్లాసే. మిగిలిన అన్నం రోజూ ఆవులకి వెళ్లింది. ఆ సంగతి పేపర్లో ఫొటోతో వస్తే, కత్తిరించి బీరువా తలుపుకి అంటించింది వర్ధనమ్మే.

“మిగతా ఆరు?” అంది సాహితి.

“నీకు తెలీదు అక్కడి సంగతి,” రవికాంత్ గొంతు పెరిగింది. “అన్నీ తీసుకుంటానన్న యార్డువాడు సరుకు చూడగానే మొహం తిప్పేశాడు. ఇనుము తీసుకున్నాడు, కర్ర తీసుకున్నాడు. రంగులు పూసిన థర్మాకోలు, ఫోము, ఫైబరు నాకొద్దు పట్టుకుపో అన్నాడు. ఎక్కడికి పట్టుకుపోను? అరవై ఇళ్ల గూడెం సెట్టు, దాని వెనక ఒక కొండ, ఒక గుహ! ఎవడు తీసుకుంటాడు ఆ కొండని? పది రోజుల్లో స్థలం ఖాళీ అవ్వాలన్నాడు మీ మేనేజరు పృథ్వీరాజ్.”

“మా మేనేజరా?”

“నీ వల్లే కదా సెట్టు విప్పే పని నాకిచ్చాడు?”

“అడగమని నా ప్రాణం తీసింది మీరు కాదా? షామియానాలు, జనరేటర్లతో ఎన్నాళ్లు బతకను అని వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు మీరు!”

“అవును, అడగమన్నాను. ఇప్పుడు నన్ను ఉరి తియ్యి.”

“ఆ ఆరు లారీలు ఎక్కడ?”

వర్ధనమ్మ వంటింట్లోకి వెళ్లి పొయ్యి ఆపింది. మాడిన గిన్నెని అలాగే వదిలేసి తిరిగి వచ్చింది.

“మన తోటలో,” అంది. “చివరనున్న కంకర గోతిలో.”

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

“అమ్మా,” అన్నాడు రవికాంత్ హెచ్చరికగా.

“మీకెలా తెలుసు అత్తయ్యా?”

“చూశాను.”

ఆ ఒక్క మాట చెప్పడానికి వర్ధనమ్మకి ఇరవై రోజులు పట్టింది. జీడిమామిడి పూత ఎలా ఉందో చూసొద్దామని షేర్ ఆటోలో వెళ్లిన రోజు అది. తోట చివర లారీ వెనక్కి వెళ్తోంది. తొట్టి పైకి లేచింది. బండరాళ్లు దొర్లాయి. అంతంత రాళ్లు పడుతుంటే చప్పుడే లేదు. ఒక రాయి గాలికి దొర్లుకుంటూ ఆమె కాళ్ల దగ్గరికొచ్చి ఆగింది. చేత్తో ఎత్తితే చాటంత బరువు కూడా లేదు. తర్వాత పసుపు రంగు ఫోము ముక్కలు కుప్పలుగా పడ్డాయి. ఇదేంటిరా అని కొడుకుని అడిగితే, రెండు వారాల్లో తీయించేస్తానమ్మా, సాహితికి తెలిస్తే దాని ఉద్యోగం పోతుంది అన్నాడు. సరే అంది. ముప్పై ఒక్కేళ్లు బడిలో పిల్లలకి అబద్ధం ఆడకూడదని చెప్పిన మనిషి, చాలా తేలిగ్గా సరే అంది.

“మొన్న ఆదివారం ఆ తోటలోనే మొక్కలు నాటాను అత్తయ్యా,” సాహితి గొంతులో కోపం లేదు. అదే భయపెట్టింది వర్ధనమ్మని. “మీరూ వచ్చారు. నేను నాటిన వేపమొక్కకి మీరే నీళ్లు పోశారు. ఆ గొయ్యి అక్కడికి ఎంత దూరం?”

“రెండు ఫర్లాంగులుంటుంది.”

“ఒక్క మాట అనలేదు మీరు.”

“అనలేదు.”

“రోజూ నా కంచంలో అన్నం పెడుతూ...”

వర్ధనమ్మ తలెత్తలేకపోయింది.

“అమ్మనంటావేంటి?” అన్నాడు రవికాంత్. “నేనే చెప్పొద్దన్నాను.”

సాహితి అతని మాట విన్నట్టు లేదు. గోడ వంకే చూస్తూ అంది. “తప్పు నాదే. నాలుగు నెలలు సీసాలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. అంత కొండ నా కళ్లెదుట కడుతుంటే, అది దేనితో కడుతున్నారో రాసుకున్నానే గాని, రేపు ఎక్కడికి పోతుందని గట్టిగా అడగలేదు.” ఇటు తిరిగింది. “సోమవారం ముంబై వాళ్లు చూడ్డానికొస్తున్నారని అంటించారా?”

“మట్టి కప్పేద్దామనుకున్నాను. అంత సరుకు మీద మట్టి నిలవదు. కాల్చేస్తే అణిగిపోతుందన్నాడు పృథ్వీరాజ్. గాలి ఇటు తిరుగుతుందని నేనేమైనా కలగన్నానా? లోవమ్మ గోతిలోకి దిగుతుందని కలగన్నానా?”

రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. మసి చెంపలకి అంటింది.

అతని జేబులో సాహితి ఫోను మోగింది. తీసి చూసి, ఒక క్షణం ఆలోచించి, భార్యకి అందించాడు. “పృథ్వీరాజే. నువ్వే మాట్లాడు. నీకే అర్థమవుతుంది.”

“మేడమ్,” అవతలి గొంతు చాలా మర్యాదగా ఉంది. “ఆ పేషెంటు ఖర్చులన్నీ మేము చూసుకుంటాం. మీరు కంగారు పడొద్దు. అది మా యూనిట్ సరుకని మాత్రం ఎక్కడా రికార్డులోకి రాకూడదు. సిరీస్ చివర్లో, ప్రకృతికి హాని చెయ్యలేదన్న పచ్చాకు గుర్తు పడాలంటే మీ రిపోర్టే ఆధారం.”

“ఫోము కాలితే వచ్చే పొగలో ఏముంటుందో మీకు తెలుసా పృథ్వీరాజ్ గారూ?”

“మేడమ్, సంతకం పెట్టింది మీరు.”

సాహితి ఫోను బల్ల మీద పెట్టేసింది. చెప్పులు వేసుకుంది.

“ఎక్కడికి?”

“ఆసుపత్రికి. ఆ డాక్టరుకి తెలియాలి.”

రవికాంత్ వెళ్లి తలుపుకి అడ్డంగా నిలబడ్డాడు. “ఆలోచించు. నువ్వు నోరు విప్పగానే ముందు నీ ఉద్యోగం పోతుంది, కాలేజీలో కూడా ఎవరూ రానివ్వరు. తర్వాత నేను లోపలికెళ్తాను. తోట అమ్మ పేరున ఉంది. నోటీసు అమ్మకొస్తుంది. అరవై ఎనిమిదేళ్ల మనిషిని కోర్టుల చుట్టూ తిప్పుతావా? లోవమ్మకి మంచి వైద్యం చేయిద్దాం. విశాఖపట్నం తీసుకెళ్దాం. ఏం కాలిందో చెప్పకుండానే చేయిద్దాం.”

“ఏం కాలిందో తెలియకుండా ఏ మందు వేస్తారు?”

“వాళ్లు డాక్టర్లు. కనుక్కుంటారు.”

“గడియ తియ్యి,” అంది సాహితి.

పెళ్లయిన ఆరేళ్లలో ఆమె భర్తని ‘నువ్వు’ అనడం వర్ధనమ్మ వినలేదు. రవికాంత్ కూడా వినలేదేమో, దెబ్బ తిన్నట్టు చూశాడు. ఎదురింటి వాళ్ల టీవీలో ఎవరో నవ్వుతున్నారు.

వర్ధనమ్మ వెళ్లి కొడుకు భుజం మీదుగా చెయ్యి చాపి గడియ తీసింది. వాడు అడ్డుకోలేదు. తల్లి చెయ్యిని తోసెయ్యడం చేతకాక పక్కకి జరిగాడు.

అత్తాకోడళ్లు ఆటో ఎక్కారు. సంత రోజు కావడంతో మార్కెట్ దగ్గర బస్సులు అడ్డం పడి పది నిమిషాలు ఆగిపోయారు. సాహితి సీటు చివరకి జరిగి కూర్చుని, పెదవులు కదుపుతూ ఏదో గొణుక్కుంటోంది. దేవుణ్ణి తలుచుకుంటోందనుకుంది వర్ధనమ్మ. చెవిపెడితే అర్థమైంది. గుహకి ఏం వాడారు, ఇళ్ల గోడలకి ఏం వాడారు, కొండకి ఏ రంగులు వేశారు, సెట్టు సామాను జాబితా అంతా వరసగా గుర్తు చేసుకుంటోంది.

“బాబూ, కొంచెం బేగి పోనీ,” అంది వర్ధనమ్మ డ్రైవరుతో. అంతకంటే ఏం చెయ్యాలో తోచలేదు.

సింగన్న వరండాలో నేల మీద కూర్చుని ఉన్నాడు. వీళ్లని చూడగానే లేచి, వర్ధనమ్మ కాళ్ల దగ్గర మళ్లీ కూలబడ్డాడు. భార్యాభర్తలిద్దరూ పన్నెండేళ్లుగా ఆమె తోటకి కాపలా. తోటలోనే పాక.

“రాళ్లు తగలబడిపోనాయమ్మా,” అన్నాడు. “రాళ్లు! నా కళ్లతో సూసినాను. కారుకుంటా మండినాయి. పొగ నల్లగా, నోట్లో సేదుగా. సెట్లకి అంటుకుంటాదని అది పచ్చికొమ్మ ఇరుసుకుని గోతిలోకి దిగిపోనాది. వొద్దే అంటే ఇనదు. నాను బిందె నింపుకొని తిరిగొచ్చేసరికి పడిపోయున్నాది.”

“డాక్టరుకి ఇది చెప్పావా?” అంది సాహితి.

సింగన్న వర్ధనమ్మ వంక చూశాడు. “ఆకులని సెప్పినానమ్మా. బాబు సెప్పమన్నాడు. మా పాక మీ తోటలోనే కదా.”

వర్ధనమ్మ అతని భుజం పట్టుకుని లేపింది.

డాక్టరు చిన్నపిల్ల, సాహితి కంటే చిన్నది. గాజు తలుపు అవతల లోవమ్మ ముక్కుకీ నోటికీ మాస్కు. వేలికి తగిలించిన మిషన్లో అంకెలు వెలుగుతున్నాయి.

“ఇక్కడ చూస్తే ఆక్సిజన్ బాగానే ఉంది,” అంది డాక్టరమ్మ. “మనిషి మాత్రం అంతకంతకీ దిగజారిపోతోంది. ఆకుల పొగ ఇలా చెయ్యదు. పొద్దుట్నుంచి అడుగుతున్నాను, ఎవరూ నిజం చెప్పడం లేదు.”

“ఫోము,” అంది సాహితి. “పాలీయురెథేన్ ఫోము. మూడు లారీలకి తక్కువ ఉండదు. థర్మాకోలు, ఫైబరు రెండు లారీలు. మిగతాది ప్లాస్టరు, రంగులు, వార్నిషు, వైర్లు.”

డాక్టరమ్మ రాసుకుంటున్న కలం ఆగింది. లోపలికి తిరిగి నర్సుకి గబగబా ఏదో చెప్పి, ఫోను తీసుకుంది. రెండు నిమిషాలు ఎవరితోనో ఇంగ్లిషులో మాట్లాడింది.

“ఈ పొగలో విషవాయువులుంటాయి,” అంది ఫోను దించి. “దీనికి విరుగుడు మందు ఉంది. మా దగ్గర లేదు. విశాఖపట్నంలో సిద్ధం చేసి ఉంచమన్నాను. ఇప్పుడే పంపించేస్తాను.”

“బతుకుతుందా అమ్మా?” అంది వర్ధనమ్మ.

“తొమ్మిదింటికి అడిగాను నేను, ఏం కాలిందని. ఇప్పుడు ఒంటిగంటయింది.”

అంతే అంది. కసిరినా బాగుండేది అనిపించింది వర్ధనమ్మకి.

స్ట్రెచరు బయటికి వచ్చింది. లోవమ్మ కనుబొమలు కాలిపోయాయి. చేతి గాజులు మసిబారాయి. మాస్కులోంచి గురక లాంటి చప్పుడు వస్తోంది. స్ట్రెచరు వెంట డాక్టరు ఇచ్చిన ఉత్తరం పట్టుకుని సాహితి అంబులెన్సు ఎక్కింది. వర్ధనమ్మ కూడా మెట్టు మీద కాలు పెట్టబోయింది.

“మీరొద్దు అత్తయ్యా,” అంది సాహితి. ఇంట్లోంచి బయల్దేరాక అత్తగారితో అన్న మొదటి మాట అదే. “మీకు ఇక్కడ పనుంది.”

ఏం పనో వెంటనే తెలిసింది. ఆసుపత్రి నుంచి కబురు వెళ్లినట్టుంది, ఒక కానిస్టేబుల్ అట్ట మీద కాగితం పెట్టుకుని వరండాలోకొచ్చాడు. అతని వెనక గేటులోంచి రవికాంత్ వస్తున్నాడు. చొక్కా మార్చుకున్నాడు. చేతికి గుడ్డ చుట్టుకున్నాడు.

సింగన్న అంబులెన్సు వైపు పరుగెత్తబోతే కానిస్టేబుల్ జబ్బ పట్టుకున్నాడు.

“నువ్వే కదా ఆమె మొగుడివి? ఒక్క ముక్క చెప్పి ఎల్లు. మంట ఎవరు పెట్టారు?”

“తరవాత సెప్తాను బాబూ, బండి ఎల్లిపోతాది.”

“ఎంతసేపు? పేరు చెప్తే రాసుకుంటాను. ఎవరు పెట్టారు?”

డ్రైవరు ఇంజను ఆన్ చేశాడు. సింగన్న బండిని చూశాడు, రవికాంత్‌ని చూశాడు. మళ్లీ బండిని చూశాడు.

“నానే!” అని అరిచాడు. “నానే అంటించినాను. రాసుకో. నన్నొగ్గీ బాబూ, అది ఒక్కత్తీ ఎల్లిపోతున్నాది!”

కానిస్టేబుల్ చెయ్యి వదిలాడు. కలం కాగితం మీద పెట్టాడు.

వర్ధనమ్మ ఆ క్షణంలో కొడుకు వైపు చూసింది. చూడకపోయినా బాగుండేది. వాడి భుజాలు సడలాయి. పొద్దుట్నుంచి బిగబట్టిన ఊపిరి ఒక్కసారి వదిలాడు. వాడు ఏమీ అనలేదు, సింగన్నని అలా చెప్పమని సైగ కూడా చెయ్యలేదు. ఊరికే నిలబడి, ఆ మాట కాగితం మీదకి ఎక్కడం చూస్తున్నాడు.

ఇరవై రోజులు తనూ ఇలాగే నిలబడింది.

“అది రాయకండి,” అంది వర్ధనమ్మ.

కానిస్టేబుల్ తలెత్తాడు. “ఏటమ్మా?”

“సింగన్నా, నువ్వు బండెక్కు. వెళ్లు, బేగి వెళ్లు.” అతను ఎక్కేదాకా చూసి, కానిస్టేబుల్ వైపు తిరిగింది. “అంటించింది అతను కాదు. ఆ తోట నాది. గోతిలో సరుకు పడుతుంటే చూసింది నేను. ముందు అది రాసుకోండి.”

అంబులెన్సు సైరన్ మోగించుకుంటూ గేటు దాటింది. రవికాంత్ నాలుగడుగులు ముందుకొచ్చాడు.

“అమ్మా,” అన్నాడు మెల్లగా. “అమ్మా, వద్దు.”

“మరి అంటించిందెవరమ్మా?” కానిస్టేబుల్ తల్లినీ కొడుకునీ మార్చి మార్చి చూశాడు. రాసిన పేరు మీద గీత పెట్టాలా వద్దా అన్నట్టు కలం గాల్లో ఆపాడు.

వర్ధనమ్మ కొడుకు కళ్లలోకి చూసింది. వాడి చేతికి చుట్టుకున్న గుడ్డలోంచి నీరు ఊరుతోంది. ఆ చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు.

“నువ్వు చెప్తావా రవీ,” అంది, “నన్ను చెప్పమంటావా?”